అరచేతికి తగిలిన మేకు

టైరును రిమ్ము నుంచి ఊడదీయగానే పంచర్ పూడ్చడానికి లోపల పోసిన పచ్చటి సీలెంట్ జిగురు నా మోచేతుల దాకా కారింది. ఒకటే కంపు.

జిగురు తుడిచి, అరచేత్తో టైరు లోపలంతా తడిమాను. తుప్పు పట్టిన మేకు తగిలింది. మేకు తీయకుండానే దాని మీద సీలెంట్ పోశారన్నమాట. ఇలాంటి పని చూస్తే నాకు పరమ అసహ్యం.

"యాడ పోయించినావమ్మా ఇది?" అని స్కూటర్ తెచ్చిన మాలతిని అడిగాను.

"మదనపల్లెలోనప్పా, టమాటా మార్కెట్ కాడ. స్లో పంచర్ అని పోసినాడు. పది దినాలకే మళ్లా గాలి పోతాండాది. ఈపొద్దు పుంగనూరు కాడికొచ్చినాక పూర్తిగా పోతే, నీ అంగడి దాకా తోసుకోనొచ్చినా."

"మేకు తీసినాక గదా పోసేది. పని రానోడు అంగడి యాల పెట్టల్ల? వాని సేతులు పడిపోను."

"అట్ల అనొద్దప్పా. ఆయప్పకు కుడిసెయ్యి పడిపోయుండాది. ఎడమసేత్తో తంటాలు పడతాంటే సూడలేక, టైరు ఇప్పొద్దులే, ఊరికే పొయ్యమని నేనే అన్నా. బాబు సాహెబ్ అంట పేరు."

నా చేయి టైరులోనే ఆగిపోయింది.

"నీకు తెలుసా ఆయప్ప?"

"తెలీదమ్మా" అన్నాను.

కళ్లు మూసుకుని టైరు లోపల ఇంకోసారి తడిమాను. మేకును కంటితో కాదు, అరచేత్తో వెతకాలని నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆ కుడిచెయ్యే.