ఎవరి డిస్కు?

“ఈ రెండింట్లో మీ నడుమేదో చెప్పండి చూద్దాం,” అంది డాక్టరు, రెండు స్కానింగులు తెరమీద పక్కపక్కనే పెట్టి.

ఆర్వో తడుముకోలేదు. వెన్నుపూసల మధ్య డిస్కు బాగా ఉబికివచ్చినదాని మీద వేలు పెట్టి, పెళ్లాం వైపు గర్వంగా తిరిగాడు.

“చూడవే ఐలీ! నాటకాలన్నావుగా! ఆరు వారాలు ఊరికే పడుకున్నానా?”

“అది నాదయ్యా,” అంది ఐలీ. “పోయినేడు జారిపడ్డప్పుడు తీశారు. నీదాని పక్కన పెట్టి చూపించమని నేనే తెచ్చిచ్చాను.”

ఆర్వో నోరు తెరిచాడు. ఈ పొద్దున వాకిట్లో పేరుకున్న డులూత్ ఊరి మంచునంతా పారతో ఎత్తిపోసింది, వంగి ఆర్వో బూట్ల లేసులు కట్టింది ఆ నడుమే!

“మరి నీకు నొప్పి లేదూ?”

“ఏమీ లేదే!”

“చాలామందికి అంతే,” అంది డాక్టరు. “డిస్కు ఎంత ఉబికితే అంత నొప్పి అని లేదు. మీ నొప్పి నిజమే. కానీ దానికి మందు మంచం కాదు, నడక. మీ పనులు మెల్లగా మీరే మొదలుపెట్టండి.”

ఆర్వో కుర్చీలో కూర్చుని, ఆపసోపాలు పడుతూ తన లేసులు తనే కట్టుకున్నాడు.

తలెత్తేలోగా ఐలీ తన బూటు కూడా ముందుకు చాపింది.

“ఇదీ కట్టు. నా నడుము చూశావుగా!”