దర్జీ దింపిన మీట

పైగది దర్జీ సంచి సర్దుకుంటున్నాడు. ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి, ఏ వస్తువు అందులోకి పోతోందో కళ్లలో వత్తులేసుకుని చూస్తోంది.

"రెండు చొక్కాలు, ఒక కత్తెర. మీ మేడ ఇందులో పట్టదులెండి, పిన్నిగారూ."

"వేళాకోళాలకేం తక్కువ లేదు. కరెంటు పోయినప్పుడల్లా మా సోలారు మీట దింపి ఎందుకు ఆపేస్తున్నావ్?"

గది ఖాళీ చేయించింది అందుకే.

మేడ మీద పలకలు ఎండను కరెంటుగా మారుస్తాయి. దాన్ని ఇంటికి పనికొచ్చేలా చేసే పెట్టె మెట్ల కింద ఉంది. వీధిలో కరెంటు పోతే ఆ పెట్టె కూడా తనంతట తానే ఆగిపోయేది. నెత్తిన అంత ఎండ పెట్టుకుని ఉక్కలో కూర్చోవడమేమిటని ఆవిడ మరిది బ్యాటరీ తెచ్చి, ఏవో తీగలు కలిపి, ఆగకుండా చేశాడు.

"ఆ పెట్టె ఆగేది మనుషుల కోసమండీ," అన్నాడు దర్జీ. "ఇప్పుడు మీ కరెంటు ఇల్లు దాటి వీధి తీగలోకి పోతోంది. స్తంభమెక్కినవాడు తీగలో ఏమీ లేదనుకుని పట్టుకుంటాడు."

"మా కరెంటు వీధిలోకెందుకు పోతుంది? అక్కడ దానికి చుట్టాలున్నారా?"

"నవ్వులాట కాదు. మరిదిగారితో ఆ తీగలు తీయించండి. అందాకా కరెంటు పోగానే మీట దింపండి."

"బట్టలు కుట్టుకునేవాడివి, స్తంభాల గొడవ నీకెందుకు?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే తాళంకప్ప చేతిలోకి తీసుకుంది. మెట్లు దిగిపోయాడు.

ఏం పట్టుకుపోయాడోనని ఆవిడ గదంతా వెతికింది. ఏదీ పోలేదు. అనుమానం మాత్రం పోలేదు.

గురువారం మధ్యాహ్నం గాలికి కొమ్మ విరిగి తీగ మీద పడింది. వీధంతా ఫ్యాన్లు ఆగాయి. ఆవిడ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

గేటు దగ్గర లైన్‌మన్ కేకేశాడు. "అమ్మగారూ, సోలారు మీట దింపారా?"

వీడికెవరు చెప్పారు? ఆ దర్జీయే పంపి ఉంటాడు. ఇద్దరూ కలిసి ఏ ఎత్తు వేశారో.

"దింపాం, దింపాం," అంది మంచం దిగకుండానే.

"నిజంగా దింపారు కదమ్మా?"

"ఒకసారి చెబితే అర్థం కాదా నీకు?"

కాసేపటికి వీధిలో గోల. ఆవిడ ముందు మెట్ల కిందికి పరుగెత్తి మీట దింపింది. ఆ తర్వాతే బయటికొచ్చింది.

స్తంభం కింద జనం. మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చిన దర్జీ నేల మీద కూలబడి ఉన్నాడు. ఆవిడ వైపు ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

దర్జీ సొంత అన్న, ఆ వీధి లైన్‌మన్, గురువారం పొద్దున పనికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు.