ముందు దిగడం

"మూడు గదులెందుకు? మనకి రెండు చాలుగా," అన్నాడు ఆల్డెన్.

కోరిన్, ఫిబ్రవరి సెలవుల్లో బెల్ రిడ్జ్ కొండ మీద దొరికే బసల వివరాలు గడగడా చదువుతోంది. పొయ్యి మీద సూప్ కుతకుతలాడుతోంది.

"ఒకటి రీస్‌కి," అంది కోరిన్.

"కోరిన్," అంది మార్లిస్, కూతురిని మందలిస్తూ.

"ఏంటమ్మా, ఎప్పటికైనా చెప్పాలిగా."

ఆల్డెన్ చెంచా కింద పెట్టాడు. "మార్లిస్, రీస్ అంటే నీకు శనివారాలు స్కీ పాఠాలు చెప్పేవాడేనా? ఇంటిల్లిపాదీ వెళ్ళే ప్రయాణంలో అతనెందుకు?"

"అక్కడ సాయంగా ఉంటాడు," అంది మార్లిస్.

"నీకు సాయం దేనికి? పెళ్ళయిన కొత్తలో మంచు మీద జారే స్కీలు కాళ్ళకి కట్టి నిన్ను నిలబెట్టింది నేను. అప్పట్నుంచీ ఏటా నా వెనకే దిగావు. ఇప్పుడు కొత్తగా పాఠాలేంటి?"

"నీ వెనక దిగడమే వచ్చు నాకు," అంది మార్లిస్ నెమ్మదిగా. "ముందు దిగడం రాదు."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. జబ్బు చేసి లేచిన దగ్గర్నుంచీ అతని స్కీలు గరాజ్ గోడకే వేలాడుతున్నాయి. కారు నడిపేది మార్లిసే. బ్యాంకు పనులూ, చిమ్నీ మరమ్మతులూ ఆవిడవే. కొండ ఒక్కటే తనదిగా మిగిలింది అనుకున్నాడు. అక్కడా అతని ముందుకే వెళ్ళాలనుకుంటోందన్నమాట.

శనివారం సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అతను తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "వచ్చేశా," అంది. ఆమె కోటు నుంచి స్కీలకి రాసే మైనం వాసనతో పాటు, ఎవరివో పిప్పరమెంటు బిళ్ళల వాసన వచ్చింది.

"గొంతేమైంది? బొంగురుపోయింది."

"అరిచీ అరిచీ."

"పాఠానికి అంత అరవడం దేనికి?"

"అదే పాఠం," అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనం దగ్గర కోరిన్‌ని చిన్నగా అడిగాడు. "ఎలా ఉంటాడు వాడు?"

"రీసా? గడ్డం ఉంటుంది. పలువరస బాగుంటుంది. నా స్నోబోర్డ్ చూసి, ఇది బోర్డా, బట్టలుతికే చెక్కా అన్నాడు."

"వయసు?"

"నీకంటే తక్కువే నాన్నా." కోరిన్ ముసిముసిగా నవ్వింది. "కుళ్ళుకుంటున్నావా?"

"నాకేం పట్టింది."

పట్టింది. బెల్ రిడ్జ్‌లో వాళ్ళిద్దరికీ ఒక అలవాటుంది. మొదటి రోజు పొద్దున్నే, జనం రాకముందే, కొండెక్కే మొదటి లిఫ్ట్ కుర్చీలో ఇద్దరే కూర్చునేవారు. కోరిన్ పుట్టాక కూడా ఆ కుర్చీలోకి మూడో మనిషిని రానివ్వలేదు. ఈ ఏడు ఆ కుర్చీలో మార్లిస్ పక్కన పిప్పరమెంటు వాసన కూర్చుంటుంది. తనకి లాడ్జ్‌లో మంట పక్కన ఒక కుర్చీ, చేతికో కోకో కప్పు.

తరువాతి వారం మార్లిస్ పాఠానికి వెళ్ళలేదు. రీసే ఇంటికి వచ్చాడు. అప్పుడు ఆల్డెన్ గరాజ్‌లో తన స్కీలు దించుకుని, అంచుల మీద తుప్పు ఎంతవరకు పట్టిందో వేలితో తడుముతున్నాడు. గోడకి అవతల, పెరటి మంచులో అడుగుల చప్పుడు.

"కళ్ళు మూసుకో," అన్నాడు రీస్.

"భయంగా ఉంది."

"మొదట్లో అందరికీ ఉంటుంది. నా గొంతు నమ్ము. ఇంకేం ఆలోచించకు. రా."

మంచు కరకరలాడింది. మార్లిస్ చిన్నగా కేక వేసి, వెంటనే నవ్వింది. జబ్బు చేసిన తరువాత ఆ నవ్వు ఆల్డెన్ ఈ ఇంట్లో వినలేదు.

"ఆయనకి చెప్పావా?" అన్నాడు రీస్ కాసేపటికి.

"ఇప్పుడే చెబితే అసలు రానంటాడు. అక్కడికి తీసుకెళ్ళాక చెబుతా."

ఆల్డెన్ అలాగే నిలబడిపోయాడు. కోరిన్ వచ్చి "నాన్నా, ఆ రక్తమేంటి?" అనేదాకా, స్కీ అంచుకి వేలు తెగిన సంగతి అతనికి తెలియలేదు.

రీస్ కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించాక, మార్లిస్ అతని వేలికి కట్టు కట్టింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నేను రావట్లేదు," అన్నాడు. "మీరు వెళ్ళండి. అతన్ని తీసుకుని వెళ్ళండి."

"ఆల్డెన్."

"గరాజ్‌లోకి అంతా వినపడింది. నేను నీకు బరువైపోయానని నాకు తెలుసు మార్లిస్. ఆ మాట నువ్వే చెప్పి ఉంటే బాగుండేది. కొండ మీద, నలుగురిలో కాదు."

ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తరువాత లేచి, బీరువా తెరిచి, ఏదో సంచీ తెచ్చింది.

"నువ్వు రాకపోతే ఈ చలికాలమంతా నేను గొంతు చించుకున్నది ఎవరికోసం?" అంది. "మొదటి కుర్చీ మనిద్దరిదే. రీస్ వెనక కుర్చీలో వస్తాడు, అదీ నేనేమైనా తప్పు చేస్తే సరిదిద్దడానికి. చేతులెత్తు."

అతని స్వెటర్ మీదుగా పల్చటి చొక్కాలాంటిది తొడిగి, పక్కన పట్టీలు బిగించింది.

"ఏంటిది?"

"నాదీ ఇలాంటిదే. నాదాని మీద ‘గైడ్’ అని రాసి ఉంది."

"మరి నాదాని మీద?"

మార్లిస్ ఆఖరి పట్టీ మరోసారి బిగించింది.

"‘చూపు లేని స్కీయర్’ అని ఉంది నాన్నా," అంది కోరిన్.