పొయ్యి పక్కన మీటరు

ఊళ్లన్నీ చక్రాలెక్కాక డ్రైవరు సీటు దేవుడి గూడైపోయింది. ఇల్లు తనంతట తానే నడుస్తుంది. పొయ్యి ఇంజన్ వేడి లాక్కుని వండిపెడుతుంది.

కిందటేడు మారేడుమిల్లి ఘాట్‌లో మాట్లాడే మీటరు "అంతా బాగుంది" అని చెబుతూ ఉండగానే నాంచారమ్మ పాత ఇంజన్ మాడిపోయింది. అందుకే ఈసారి కొట్లో మాట్లాడే మీటర్లన్నీ పక్కకు నెట్టి, నల్ల ముల్లున్న గుండ్రటి వేడి మీటరు పట్టుకుంది.

"దీన్ని పొయ్యి పక్కన బిగించండి."

"ముందు పెడితేనే కదే అందం," అన్నాడు భర్త వేదాద్రి.

"ముందు గూట్లో కూర్చునేది వెంకన్న సామి. కనిపెట్టుకోవాల్సింది నేను."

మర్నాడు మళ్లీ అదే ఘాట్. వెనకాల వాళ్ల వీధి మొత్తం బారులు తీరి ఎక్కుతోంది. నాంచారమ్మ పప్పు దింపిందో లేదో, ముల్లు ఎర్రగీత వైపు పాకింది.

"ఆపేయనా?" అన్నాడు వేదాద్రి. ఆపితే వెనక ఇళ్లన్నీ ఘాట్ మధ్యలో ఇరుక్కుపోతాయి.

ఆమె పెద్ద డేగిశా నిండా నీళ్లు పోసి పొయ్యి మీదకెక్కించింది. నీళ్లు వేడెక్కుతున్నకొద్దీ ముల్లు మెల్లగా వెనక్కి తగ్గింది. నాంచారమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి వీధికంతా వినపడేలా కేకేసింది.

"ఎవరి గ్లాసులు వాళ్లు తెచ్చుకోండి. కొండ మీద కాఫీ మా ఇంట్లోనే."