భైరవుడు మంచోడేనా?

“పాముపిల్లకి పాలు పోస్తే ఆవుదూడ అవుద్దటే?” అంది బసవమ్మ, తమలపాకుకి సున్నం రాస్తూ.

అత్తగారి మాట పాము గురించి కాదని పుష్పవతికి తెలుసు. నందిగామ ఆస్పత్రిలో నర్సు ఏసురత్నం సాకుతున్న పసివాడి గురించి.

వాడి కన్నతల్లి పురిట్లోనే పోయింది. నా అన్నవాళ్లెవరూ రాలేదు. పెళ్లై పదేళ్లైనా కడుపు పండని పుష్పవతి ఆ ఆస్పత్రికి మందుకని వెళ్లి వాణ్ణి ఒక్కసారి ఎత్తుకుంది. అంతే, జగ్గయ్యపేట తిరిగొచ్చినా మనసు అక్కడే ఉండిపోయింది. మొగుడు సాంబయ్య పెంచుకుందామనే అన్నాడు. కానీ బసవమ్మ ఊ అనందే ఆ ఇంట్లో పిల్లి కూడా గడప దాటదు.

“ఎవరి రక్తమో ఏమో! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.”

“మొక్కై వంగనిది మానై వంగదని కూడా మీరే అంటారుగా అత్తయ్యా. మొక్కగా ఉండగానే తెచ్చుకుందాం.”

బసవమ్మ మూతి ముడుచుకుంది.

అప్పట్లో పేటలో రేడియో ఉన్న ఇళ్లే తక్కువ. వారపత్రికలో సీరియల్ అంటే జనానికి ప్రాణం. చదువురాని బసవమ్మ కోడలి చేత చదివించుకునేది. అప్పుడు నడుస్తున్న సీరియల్లో కొండమీద పాడుబడ్డ బంగళా, తాళాలేసిన గదులు, ఒంటరి జమీందారిణి. గాలివానలో గుమ్మం ముందు దొరికిన అనాథని ఆవిడ పెంచుకుంది. వాడే భైరవుడు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి, చూపు మారింది. ఏం అఘాయిత్యం చేస్తాడోనని వీధంతా ఒకటే గోల.

పక్కింటి హఫీజున్నీసాకీ అదే పిచ్చి. భర్త చాంద్ బాషా బెజవాడ బస్సు డ్రైవరు కాబట్టి పత్రిక వాళ్లింటికి ఒకరోజు ముందే వచ్చేది. “కథ ముందే చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవ్ వదినా” అని పుష్పవతి ఆమె చేత ఒట్టేయించుకుంది.

ఇంతలో ఏసురత్నం కబురంపింది. సోమవారం దాటితే పిల్లాణ్ణి బెజవాడ అనాథాశ్రమానికి పంపేస్తారట.

బసవమ్మ కాసేపు వక్క నమిలింది. “శుక్రవారం ఆఖరి భాగమేగా? భైరవుడు మంచోడైతే నీ పిల్లాణ్ణి తెచ్చుకో. కొంప కూల్చాడో, మళ్లీ ఆ ఊసెత్తొద్దు.”

శుక్రవారం సాంబయ్య పత్రిక తెచ్చాడు. పుష్పవతి ఆగలేక వంటింట్లోనే తిరగేసింది. భైరవుడు జమీందారిణిని గదిలో పెట్టి తాళమేసి, బంగళాకి నిప్పంటించాడు!

రాసినాయన చెయ్యి పడిపోనూ, అని తిట్టుకుంది. కళ్లు తుడుచుకుని, ముందుగదిలోకొచ్చి పత్రిక విప్పింది.

“భైరవుడు తాళాలగుత్తి ఆవిడ పాదాల దగ్గర పెట్టి, ‘అమ్మా, నువ్వు పోసిన పాలే నా రక్తం’ అన్నాడు...”

బసవమ్మ రెప్ప వేయకుండా కోడలి మొహమే చూస్తోంది.

“బంగళాకేం కాలేదుగా?”

“ఏం కాలేదత్తయ్యా. గదులన్నీ తెరిపించి సున్నాలు కూడా వేయించాడు.”

“సున్నాలే! ఏదీ, ఆ పాల ముక్క మళ్లీ చదువు.”

పుష్పవతి ఇందాక ఏమందో తడుముకుంటూ మళ్లీ అంది. బసవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“సర్లే. పుస్తకమే చెప్పాక కాదనడానికి నేనెవర్ని? రేపు మొదటి బస్సుకే పోయి పిల్లాణ్ణి తెచ్చుకోండి.”

ఉయ్యాల వేసిన రోజు ఇల్లంతా సందడి. మనవణ్ణి ఎవరి చేతికీ ఇవ్వకుండా బసవమ్మే ఊపుతోంది. పుష్పవతి హఫీజున్నీసాని పెరట్లోకి లాక్కెళ్లింది.

“నీకు పుణ్యముంటుంది వదినా, ఆ బంగళా సంగతి మా అత్తయ్య దగ్గర నోరు జారకు. తెలిసిందంటే కొంప మునుగుద్ది.”

హఫీజున్నీసా విస్తుపోయి చూసింది.

“ఇంకా తెలిసేదేంటి వదినా, గురువారం పొద్దున్నే మా ఇంటికొచ్చి ఆఖరి భాగం నాచేత చదివించుకుని, బంగళా తగలబెట్టిన ఆ భైరవుణ్ణి నోరారా తిట్టిపోసింది మీ అత్తగారేగా!”