గోడ ఇవతలి మెంతికూర

పాలకూర కట్టలు కట్టాలి, మెంతికూర మీద తడిబట్ట కప్పాలి, సంచుల మీద ఫ్లాట్ నంబర్లు రాయాలి, బండిని మెహిదీపట్నం అపార్ట్‌మెంట్‌కు పంపాలి.

ఇంతలో నా ఫోన్‌కు అపార్ట్‌మెంట్ వాళ్ల మెసేజ్ వచ్చింది. ఈ వారం కూరలు వద్దట.

"కోసినంక చెప్తరా?" అంటూ ఈ పొలం చేసే మా జంగమ్మవ్వ కొడవలి కింద పెట్టింది. "గిట్లయితే సేద్యం బందు పెడ్త బిడ్డా. పక్క ఫామ్‌హౌస్‌ల గడ్డి కోసినా నెల తిరిగేసరికి జీతమొస్తది."

"వాళ్లు ఇంట్ల లేరట అవ్వా."

"ఏడికి పోయిండ్రు?"

నేను పొలం పక్కనున్న గోడ వైపు చేయి చూపాను. "ఆ ఫామ్‌హౌస్‌కే. పచ్చటి పొలాలు చూస్తరట."

అవ్వ గోడ వైపు చూసి నవ్వింది. "ఇగ బండెందుకు? గంప ఎత్తు."

ఫామ్‌హౌస్ గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఆపాడు. లోపలి నుంచి వచ్చిన ఒకావిడ మెంతికూర వాసన చూసి, "ఇంత తాజా కూర ఎవరి పొలంలోది?" అని అడిగింది.

"మాదే అమ్మా. పొద్దుగాల మీరు వద్దన్నదే" అంది అవ్వ.

"ప్రతి వారం మా ఇంటికొచ్చేది మీ కూరేనా?" అంది ఆవిడ.

లోపలున్న వాళ్లంతా కొనుక్కోవడంతో గంప ఖాళీ అయింది. వచ్చే వారం సంగతి అవ్వ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మీరెప్పుడైనా కూర వద్దని మెసేజ్ పెట్టబోతే, పొద్దున్నే కొడవలి పట్టిన మా జంగమ్మవ్వను ఒక్కసారి తలుచుకోండి.