బావి పిశాచి హత్య

"కత్తి దెబ్బకి బరువే లేదు బాసూ. దూదిని కొట్టినట్టుంది," అన్నాడు ఖుసయ్, సోఫాలో వెనక్కి వాలుతూ.

తన కంపెనీ వీడియో గేమ్‌ని అలా అనేసరికి హైథమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకెవరన్నా అంటే కడిగిపారేసేవాడే. అన్నది షురూక్ అన్నయ్య. అదీ పిల్లనడగడానికి వెళ్లినరోజు, పెద్దలందరి ముందు.

గదిలో ఇటు హైథమ్ తండ్రి, బాబాయిలు. అటు షురూక్ తండ్రి అబూ ఖుసయ్, ఆయన తరఫువాళ్లు. మధ్యలో చిన్న బల్ల మీద, హాజీ అబూ మిన్వర్ ముందు, ఒక్క కాఫీ కప్పు. పిల్లనడగడానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని ముట్టకూడదు. పిల్ల తండ్రి సరేనన్నాకే తాగాలి. తాగకుండా లేచి వెళ్లాల్సొస్తే ఊళ్లో తలెత్తుకోలేరు. అప్పటికే దాని మీద ఆవిరి పోయింది.

ఇర్బిద్ చుట్టుపక్కల ఎవరికి పిల్ల కావాలన్నా అబూ మిన్వరే వెళ్లాలి. హత్య జరిగితే చచ్చినవాడి ఇంటికెళ్లి క్షమించమని అడగాలన్నా ఆయనే. రెండుచోట్లా అదే కప్పు, అదే పంతం. కాకపోతే ఇప్పుడు ముసలాయనకి చెవుడు. చెవిలో అరిస్తే తప్ప వినపడదు. రెండు బొటనవేళ్లకీ ప్లాస్టర్లు. ఏమైందని కారులో అరిచి అడిగితే, జపమాల తిప్పీ తిప్పీ అరిగిపోయాయన్నాడు. పిల్లనిమ్మని నాలుగు ముక్కలు చెప్పి, అప్పుడే కునుకు తీస్తున్నాడు.

హైథమ్ జేబులో ఫోన్ వణికింది. షురూక్ నుంచి మెసేజ్. "మా అన్నయ్య ఏమన్నా తలూపు చాలు. నాన్న వాడి మాట దాటడు."

హైథమ్ తలూపాడు.

"బొమ్మలు మాత్రం బ్రహ్మాండం," అన్నాడు ఖుసయ్. బొమ్మల కాలేజీలో చదివినవాడు మరి. "ఆ ఎర్రకొండలు, ఆ సాయంకాలపు దుమ్ము, కుంచెతో గీసినట్టు. అంత అందం గీసి ఇంత చచ్చు కొట్లాట పెడతారా? ఇంతకీ ఆ కొట్లాట తయారుచేసిన మహానుభావుడెవరు?"

"నేనే," అన్నాడు హైథమ్.

"ఓహో! అయితే చెప్పు. బావిలో పిశాచి ఉంది కదా, అంత భయంకరంగా పైకొస్తుంది. తీరా చూస్తే ఎడమకి దొర్లి పొడవడం, ఎడమకి దొర్లి పొడవడం. అంతే, చచ్చిపోతుంది. దీన్ని లోతంటారా?"

తలూపు చాలు అన్న మాట హైథమ్ బుర్రలోంచి ఎగిరిపోయింది. రెండేళ్లు నిద్ర మానుకుని చేసిన పని అది.

"పిచ్చివాడు ఎడమకి దొర్లుతాడు. తెలిసినవాడు దాని దెబ్బని కత్తితో అడ్డుకుని ఎదురు దెబ్బ కొడతాడు. నీకు చేతకాకపోతే లోతు లేదంటావా?"

"అడ్డుకోవాలంటే అది చెయ్యెత్తడం కనపడాలిగా!"

"కనపడనిచ్చేదెవరు? మీ బొమ్మలవాళ్లే! దుమ్ము బాగుందని తెర నిండా దుమ్మే పూశారు. చెయ్యేదో కొండేదో తెలిసి చావదు!"

"ఇప్పుడు తప్పు బొమ్మదా? ఆట పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఆ దుమ్మే, నీ దొర్లుడు కాదు!"

"బొమ్మలు చూడాలంటే గోడకి పటం తగిలించుకో! నువ్వు ఆడలేదు, ముందు కూర్చుని గుటకలేశావు!"

"ఆడలేదా? దాన్ని చంపింది నేను! ఒక్కసారి కాదు, ఇరవైసార్లు చంపా!"

హైథమ్ తండ్రి దగ్గాడు. బాబాయిలు చూపులు నేలకి దించుకున్నారు. తన కొడుకుని తన ఇంట్లోనే చేతకానివాడన్నాక అబూ ఖుసయ్ మొహం మాడిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీరు రావడం మా గౌరవం. కానీ అమ్మాయి చదువు ఇంకా..."

ఆ మాట తర్వాత ఏమొస్తుందో అక్కడ అందరికీ తెలుసు. హైథమ్ తన నోటిని తనే తిట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అబూ మిన్వర్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"అబూ ఖుసయ్! జరిగింది ఘోరం. నేను కాదనను. ఇరవై పోట్లు పొడవడం మనుషులు చేసే పని కాదు."

గది బిత్తరపోయింది.

"కానీ ఈ కుర్రాణ్ణి చూడు," అంటూ హైథమ్ భుజం పట్టుకున్నాడు. "కుర్రతనం, చెయ్యి జారింది. రక్తానికి రక్తమని వీణ్ణీ పోగొట్టుకుంటే ఎవరికి లాభం? నా తెల్లగడ్డం చూసి క్షమించు."

"అయ్యో హాజీ," అబూ ఖుసయ్ ఆయన చెవిలో అరిచాడు, "ఎవరూ చావలేదు! అది ఆట! చచ్చింది పిశాచి!"

"పిశాచి అనకు నాయనా. పోయినవాణ్ణి తిట్టకూడదు. ఎంతైనా మీవాడు."

ముందు ఖుసయ్ పగలబడి నవ్వాడు. తర్వాత బాబాయిలు. తలుపు అవతల ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. బిగబట్టి కూర్చున్న అబూ ఖుసయ్ కూడా చివరికి పొట్ట పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతో పూడిన గొంతుతో నెమ్మదిగా అన్నాడు.

"సరే హాజీ, క్షమించాం. మీరు అడిగిందల్లా ఇచ్చాం. కాఫీ తాగండి."

అబూ మిన్వర్ కప్పు ఎత్తి ఒక్క గుటకలో ఖాళీ చేశాడు.

అబూ ఖుసయ్ ఖాళీ కప్పు వంక చూశాడు. అడిగిందల్లా ఇచ్చామని నలుగురి ముందు అన్నాడు, కాఫీ తాగేశారు. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. హైథమ్ బాబాయి ఊరుకుంటాడా? "అల్ ఫాతిహా!" అని, సంబంధం ఖాయమైతే చదివే ప్రార్థన గట్టిగా అందుకున్నాడు. అందరి అరచేతులూ దువాకి లేచాయి. అబూ ఖుసయ్ ఒక్క క్షణం తటపటాయించి, కొడుకు నవ్వు మొహం చూసి, తనూ ఎత్తాడు. లోపల ఆడవాళ్ల సంబరాల కేకలు మిన్నంటాయి.

తిరుగు దారిలో హైథమ్ కారు నడుపుతున్నాడు. తండ్రి పక్కన, హాజీ వెనక సీట్లో కళ్లు మూసుకుని.

"నీ నోటికి పెళ్లి తప్పిపోయేది కదరా!" అన్నాడు తండ్రి. "పాపం, ముసలాయన చెవుడే కాపాడింది."

"తప్పే నాన్నా," అని హైథమ్ ఒప్పుకున్నాడు. ఉండబట్టలేక, గొంతు తగ్గించి గొణిగాడు. "కానీ ఎడమకి దొర్లితే పిశాచి చచ్చిపోతుందట! ఖుసయ్‌వి కోతలు."

"కోతలు కాదురా," అంది వెనక సీట్లోంచి మెల్లని గొంతు, "నేనూ ఎడమకి దొర్లే చంపాను."